బాప్తిస్మం తీసుకున్నాక కష్టాలెందుకు? బాప్తిస్మ తరగతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలుకు దగ్గర్లో ఒక చిన్న సంఘంలో పద్దెనిమిదేళ్ళుగా బాప్తిస్మ తరగతి చెబుతున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు పరుచుకుని కూర్చుంటాం, ఆరు వారాలు. తరగతిలో అందరి ముందు అడిగే ప్రశ్నలు వేరు. అందరూ వెళ్ళిపోయాక చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగేవి వేరు. ఇక్కడ ఎక్కువగా ఆ రెండో రకమే రాశాను. నేను పాస్టర్‌ని కాదు, వేదాంత కళాశాలలో చదవలేదు. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగాను కాబట్టి ఆ పద్ధతే నా మాటల్లో కనిపిస్తుంది. మిగతా సంఘాలవాళ్ళు వేరుగా నమ్మే చోట, తెలిసినంతవరకు అది కూడా చెబుతాను.

బాప్తిస్మం తీసుకున్న నెలకే మా ఆయన ఉద్యోగం పోయింది. నేనేం తప్పు చేశానక్కా?

ఏ తప్పూ చేయలేదమ్మా. ఈ ప్రశ్న నన్ను అడిగినంతగా ఇంకే ప్రశ్నా ఎవరూ అడగలేదు. ఉద్యోగం పోవడం, కడుపు పోవడం, కొడుకు పరీక్ష తప్పడం, కొత్త ఇంటి గోడ బీటలు వారడం, ఏది జరిగినా మనసు ముందు బాప్తిస్మం తేదీ దగ్గరికే వెళ్తుంది.

యేసు ప్రభువు సంగతే చూడండి. యొర్దాను నీళ్ళలోంచి బయటికి రాగానే ఆకాశం నుంచి ఒక మాట వినిపించింది: "నీవు నా ప్రియకుమారుడవు." మార్కు సువార్తలో దాని తర్వాత వచ్చేది అరణ్యమే. ఒంటి మీది తడి ఆరిందో లేదో, నలభై రోజులు అడవి మృగాల మధ్య, శోధనలో. మధ్యలో ఊరేగింపు లేదు, విందు లేదు. ప్రియకుమారుడన్న మాట ముందు వచ్చింది, అరణ్యం తర్వాత వచ్చింది. అరణ్యం వచ్చినందుకు ఆ మాట వెనక్కి పోలేదు. మీ సంగతీ అంతే.

మనం ఏ ఇంట్లో పుట్టినా ఒక లెక్క మాత్రం మనతో పాటు మందిరంలోకి వస్తుంది. నేను దేవుడికి ఇది చేశాను, దేవుడు నాకు అది చేయాలి. బాప్తిస్మాన్ని కూడా తాయెత్తులా కట్టుకుంటాం. కష్టం రాగానే తాయెత్తు పనిచేయలేదనో, కట్టుకున్న మనిషిలో లోపం ఉందనో అనుకుంటాం. ఈ రెండో మాట చాలా గాయం చేస్తుంది, నాకు బాగా తెలుసు. 1993లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. నాలుగు నెలలకు మా నాన్న పొగాకు బ్యారన్ దగ్గర కుప్పకూలి అక్కడే పోయారు. ఆదరణ కూటానికి వచ్చిన ఒక పెద్దామె మా అమ్మతో, "ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుంది" అంది. ఆ పాపం నాదేనేమోనని రెండేళ్ళు వెతుక్కున్నాను. రాత్రిళ్ళు లేచి కూర్చుని చిన్నప్పటి అబద్ధాలు కూడా గుర్తు చేసుకునేదాన్ని.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా అని. యేసు రెండూ కాదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. చావు ఇంటికి ఆదరణ చెప్పడానికి వెళ్ళేవాళ్ళు ముందు ఆ అధ్యాయం చదువుకుని వెళ్తే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

కష్టాలు ఆగకపోతే మరి బాప్తిస్మం వల్ల జరిగేదేమిటి?

ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. ముంచడం అని అర్థం. కతోలిక సంఘంలో దీన్నే జ్ఞానస్నానం అంటారు. స్నానం అనగానే మురికి వదిలించుకోవడం గుర్తొస్తుంది, అది తప్పేమీ కాదు. కానీ పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం ఆరో అధ్యాయంలో ఇంకా పెద్ద మాట వాడాడు. క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డామన్నాడు. అంటే బాప్తిస్మమిచ్చే నీళ్ళ తొట్టి స్నానానికి మాత్రమే కాదు, సమాధి కూడా. నీళ్ళ కిందికి వెళ్ళేటప్పుడు మనం పాతిపెట్టబడుతున్నాం, పైకి వచ్చేటప్పుడు ఆయనతో కూడా లేస్తున్నాం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. శిష్యులు యాకోబు, యోహాను వచ్చి నీ కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి చోటు కావాలని అడిగినప్పుడు, నేను పొందే బాప్తిస్మం మీరు పొందగలరా అని యేసు అడిగాడు. అప్పటికి యొర్దాను బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది. ఆయన చెప్పింది సిలువ గురించి. ఆయన నోట బాప్తిస్మం అన్న మాటలోనే శ్రమ కలిసి ఉంది. కాబట్టి బాప్తిస్మం తీసుకున్నాక కష్టం వస్తే, ఒప్పందం ఎక్కడో తప్పిందని అనుకోకండి. ఆ కష్టంలో ఇక మీరు ఒంటరి కాదు, ముందే అక్కడికి దిగినవాడు మీ పక్కన ఉన్నాడు. నీళ్ళు ఇచ్చే వాగ్దానం ఇదే. ఇంతకంటే ఎక్కువ వాగ్దానం చేసేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

మన వైపు తాతముత్తాతలు కరువులో అన్నం కోసమే మతం మారారని కాలేజీలో అంటున్నారు. నిజమేనా?

తమ్ముడూ, ఈ కథ మన జిల్లాదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవారు. మన పెద్దలు ఇప్పటికీ క్లౌ దొరగారనే అంటారు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని నేర్చినవాడు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో నకనకలాడుతున్న వేల మందికి కూలి ఇప్పించారు. తనతో ఉన్న బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలు పలుగూ పారా, సాయంత్రం వాక్యం. వింటున్నవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు.

ఆయన ఇవ్వలేదు. మీరు కాలేజీలో విన్న ఆ మాటే రేపు ఎవరైనా అంటారని, పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశారు. అన్నం కోసమే అయితే అన్నం దొరుకుతున్నంత కాలం ఇవ్వాలి కదా? సరిగ్గా ఆ కాలంలోనే ఇవ్వలేదు. 1878 జూన్‌లో, ఇక సాయం ముగిసింది, డబ్బు ఇచ్చేది లేదని చెప్పాక కూడా జనం వెనక్కి వెళ్ళలేదు. చేతుల మీది బొబ్బలు చూపించి, మేం కష్టం చేసుకుని బతుకుతాం, మాకు డబ్బు వద్దు, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చావాలని ఉంది అన్నారని క్లౌ రాసుకున్నారు.

ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ముందు రోజూ మరుసటి రోజూ కలుపుకుంటే మూడు రోజుల్లో 3,536 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలోకి దిగారు. ఒడ్డున ఒకరు పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చారు. పేరు పెట్టి పిలవడం నాకు చాలా ఇష్టమైన భాగం. ఆ జనంలో ఎక్కువమంది మాదిగవాళ్ళు. ఊళ్ళో ఎవరూ వాళ్ళను గౌరవంగా పేరు పెట్టి పిలిచే కాలం కాదది.

అంతకు పన్నెండేళ్ళ ముందు, 1866లో, తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే చర్మకారుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన ఊరూరా తిరిగి చెప్పగా, మరుసటి జనవరిలో 28 మంది తీసుకున్నారు. వాళ్ళకు దొరికింది అన్నం కాదు, ఉన్న అన్నం పోయింది. ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన పశువు మాంసం ఇక తినం అన్నారు, జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఊరు ఊరుకుంటుందా? బావి దగ్గరికి రానివ్వలేదు, కూలికి పిలవలేదు.

అన్ని మనసులూ కల్తీ లేనివని నేను చెప్పను. మూడున్నర వేల మందిలో ఒక్కొక్కరి మనసులో ఏముందో దేవుడికే తెలియాలి. అయితే ఆకలితో వచ్చినవాడి విశ్వాసం తక్కువ రకం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు ఇంటి దారి పట్టిందీ ఆకలి వల్లే, నాన్న దగ్గర కూలివాళ్ళకు కూడా కడుపునిండా అన్నం ఉందని గుర్తొచ్చే. తండ్రి ఎదురు పరుగెత్తి కౌగిలించుకున్నాడు గానీ ఎందుకొచ్చావని అడగలేదు.

మునగాలా, చిలకరిస్తే చాలా?

మేం ముంచుతాం. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కతోలిక సంఘాల్లో తల మీద నీళ్ళు పోయడమో చిలకరించడమో జరుగుతుంది. క్రైస్తవ సంఘం తొలి రోజుల నాటి బోధ పుస్తకం డిడకేలో పారే నీళ్ళయితే మంచిదని, లేకపోతే వేరే నీళ్ళని, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయమని ఉంది. ఈ విషయం మీద బంధువులు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. అంత పని చేయొద్దు.

చిన్నప్పుడు మా సంఘంలో నా తల మీద నీళ్ళు పోశారు. పెళ్ళయి మీ సంఘానికి వచ్చాను. మళ్ళీ తీసుకోవాలా?

మా సంఘం నియమం ప్రకారం, నమ్మి స్వయంగా ఒప్పుకున్నాక తీసుకున్నదే బాప్తిస్మం. కాబట్టి తీసుకోమంటారు. మీ పుట్టింటి సంఘం అది మళ్ళీ మళ్ళీ చేసేది కాదంటుంది. ఇద్దరూ వాక్యం చూపిస్తారు. నేను చెప్పేది ఒక్కటే. అత్తగారింట్లో పేరు కోసం, సంఘం పుస్తకంలో సభ్యత్వం కోసం మాత్రం నీళ్ళలో దిగకండి. మీ అమ్మానాన్న ఆ రోజు మిమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని చేసిన ప్రార్థనను ఎవరైనా ఎగతాళి చేస్తే ఊరుకోకండి. మీకు నిజంగా నమ్మకం కుదిరే వరకు ఆగొచ్చు, దానికి తొందరేమీ లేదు.

బాప్తిస్మం రోజు నెలసరి వస్తే?

సిగ్గుపడుతూ అడుగుతారు, కానీ ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు. నీళ్ళలో దిగడానికి ఇబ్బందిగా ఉంటే చెప్పండి, తేదీ మార్చుకుందాం. అది మీ సౌకర్యం కోసం. అపవిత్రం అన్న మాట మాత్రం తీసేయండి. పన్నెండేళ్ళు రక్తస్రావంతో ఉన్న స్త్రీ వచ్చి తన వస్త్రం ముట్టుకుంటే యేసు వెనక్కి జరగలేదు. "కుమారీ" అని పిలిచాడు.

ఇంట్లో వాళ్ళు ఒప్పుకోవడం లేదు. చెప్పకుండా తీసుకోవచ్చా?

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు, క్రైస్తవ కుటుంబం కానప్పుడు, తల్లిదండ్రులకు తెలియకుండా మేం ఇవ్వం. పెద్దవాళ్ళయితే నిర్ణయం మీదే. అయినా నేను తొందరపెట్టను. బాప్తిస్మం అంటేనే నలుగురి ముందు ఒప్పుకోవడం కదా, దాన్ని దాచిపెట్టుకుని మొదలుపెడితే మొదటి రోజు నుంచే టెన్షన్. కొన్నాళ్ళు ఆగి ఇంట్లో మంచి కూతురిగా, మంచి కోడలిగా ఉండండి. మీ అత్తగారు మీలో మార్పు చూసి తనే అడిగే రోజు రావచ్చు. రాకపోనూ వచ్చు, అలాంటివాళ్ళనూ చూశాను. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, శుక్రవారం ఆరాధనల్లో నమ్ముకుని, అక్కడే బాప్తిస్మం తీసుకుని, ఇంటికి ఫోన్ చేసి ఎలా చెప్పాలో తెలియక ఏడ్చిన ఆడవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళను పిరికివాళ్ళని నేను అనను.

పేరు మార్చుకోనక్కర్లేదు. బొట్టు, గాజులు, తాళి విషయంలో సంఘానికో పద్ధతి ఉంది. బాప్తిస్మానికి అవి షరతు కావు. పెళ్ళైన ఆడపిల్ల మెడలోంచి తాళి తీయించి ఇంట్లో గొడవ పెట్టడం నాకు సువార్తలా అనిపించదు.

బాప్తిస్మం తీసుకుంటే నా కులం సర్టిఫికెట్ ఏమవుతుంది?

ఎస్సీ కుటుంబాల పిల్లలు అడిగే ప్రశ్న ఇది, నిజం చెప్పకుండా దాటేయడం పాపం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. బాప్తిస్మం తీసుకుని, ఆ మతాన్నే పాటిస్తూ, రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో చెప్పింది.

ఈ చట్టం అన్యాయమని నా అభిప్రాయం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు మనల్ని వేరే కళ్ళతో చూడటం లేదు కదా. చట్టం మారాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఉద్యోగం, సీటు, జీవితం ముడిపడిన విషయాన్ని పందొమ్మిదేళ్ళ పిల్లవాడికి చెప్పకుండా నీళ్ళలోకి దింపడం తప్పు. తెలుసుకుని, ఇంట్లో మాట్లాడుకుని, ఆ మూల్యం చెల్లించగలనో లేదో ప్రార్థనలో పెట్టి రండి.

ఇంకో మాట మన సంఘాలవాళ్ళకి. ఒకే కాలువలో మునిగివచ్చి, పెళ్ళి సంబంధం దగ్గర మాల, మాదిగ అని వేరుపడి, ఒకే ఊళ్ళో రెండు మందిరాలు కట్టుకుంటున్నాం. యూదుడని, గ్రీసుదేశస్థుడని లేదని పౌలు గలతీయులకు రాసిన మాట బాప్తిస్మం గురించి చెబుతూ రాసినదే. ఆ వాక్యం మీద ప్రసంగం నేను ఎన్నోసార్లు విన్నాను. మా సంఘంలో ఆ గీత దాటి జరిగిన పెళ్ళిళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా ఆయన బాప్తిస్మం తీసుకుని ఎనిమిది నెలలు తాగలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. అంటే అప్పటిది నాటకమా?

నాటకం కాదు. ఆ ఎనిమిది నెలలు నిజం, ఇదీ నిజం. తాగుడు ఒక జబ్బు కూడా. ప్రార్థనతో పాటు డీ-అడిక్షన్ వైద్యం చేయించండి, అది అవిశ్వాసం కాదు.

"క్రొత్త వాయెను" అన్న వాక్యం గోడ క్యాలెండర్ల మీద చూసి చూసి, కొత్తదనం ఒక్క రాత్రిలో వస్తుందనుకుంటాం. గుంటూరు వైపు మా లూథరన్ చుట్టాల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిలో, మనలోని పాత ఆదాము రోజూ పశ్చాత్తాపంతో నీళ్ళలో మునిగి చావాలని, కొత్త మనిషి రోజూ లేవాలని రాశాడు. రోజూ. బాప్తిస్మం ఒక్కసారే, మునగడం మాత్రం రోజూ ఉంటుందన్నమాట.

నా సంగతి చెబుతాను. 2004లో మా మిరప పంట పోయింది. పెట్టుబడికి మా తోడికోడలి నగలు తెచ్చి తాకట్టు పెట్టాం, విడిపించలేకపోయాం. చివరికి మా వాటా ఎకరం వాళ్ళ పేరు మీదికి వెళ్ళింది. లెక్క ప్రకారం అది అన్యాయం కాదు. కానీ రాతకోతల రోజు నలుగురిలో ఆమె అన్న ఒక మాట నాకు దిగిపోయింది. ఏడేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఒకే వీధి. ఎదురైతే పక్కకు తిరిగేదాన్ని. ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉన్న ఆదివారం, రొట్టె తిరిగే సమయానికి పిల్లాడు ఏడుస్తున్నాడని ఎత్తుకుని బయటికి వచ్చేదాన్ని. పిల్లాడు పెద్దయ్యాక ఆ సాకు కూడా లేదు, వెనక వరసలో తల వంచుకుని కూర్చునేదాన్ని. అప్పటికే నేను బాప్తిస్మ తరగతి చెబుతున్నాను. క్షమాపణ గురించిన నాలుగో వారం పాఠం ఏటా నేనే చెప్పాను.

2011లో ఆమెకు గుంటూరులో రొమ్ము ఆపరేషన్ అయింది. ఎవరో ఒకరు వెళ్ళాలి, ఆమెకు ఆడపిల్లలు లేరు. నేను వెళ్ళాను. ప్రేమతో వెళ్ళానని చెప్పలేను, వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ ఆ తరగతి చెప్పలేనన్న భయంతో వెళ్ళాను. మొదటి రెండు రోజులూ క్యారేజీ పెట్టడం, గిన్నెలు కడగడం, బయట బెంచీ మీద కూర్చోవడం. మూడో రోజు ఆమె, "దోసకాయ పచ్చడి నువ్వే చేశావా?" అని అడిగింది. అవునన్నాను. "అత్తమ్మ చేసినట్టే ఉంది" అంది. అంతే జరిగింది. ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. పొలం తిరిగి రాలేదు, ఆ గట్టు మీదుగా వెళ్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. కానీ తర్వాతి నెల బల్ల దగ్గర ఇద్దరం ఒకే వరసలో ఉన్నాం. 1993లో మునిగిన నీళ్ళు నా దాకా రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

మీ ఆయనకు ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేనమ్మా. ఈలోగా మీరూ పిల్లలూ క్షేమంగా ఉండాలి. కింది ప్రశ్న కూడా చదవండి.

తాగి వచ్చి కొడతాడు. భరించమని, అదే నా సిలువ అని చెప్పారు. నిజమేనా?

కాదు. సిలువ అంటే క్రీస్తు కోసం మనంతట మనం ఎత్తుకునేది. ఇంకొకడి పాపాన్ని ఒంటి మీద దెబ్బలుగా మోయడం కాదు. పౌలును కొరడాలతో కొట్టబోతే, విచారణ లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టొచ్చా అని అడిగి చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు. మీరూ పెట్టుకోండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పుట్టింటికి వెళ్ళాల్సి వస్తే వెళ్ళండి. ఆయన్ను క్షమించే సంగతి దెబ్బలు ఆగాక, దూరం నుంచి కూడా ఆలోచించుకోవచ్చు.

స్వస్థత కోసం ప్రార్థన చేయించుకున్నాను. షుగర్ మాత్రలు ఆపేయాలా?

ఆపొద్దు. బీపీ, షుగర్, ఫిట్స్, మానసిక జబ్బులు, దేనికీ డాక్టర్ చెప్పకుండా మందు ఆపొద్దు. స్వస్థత జరిగితే పరీక్షల్లో తెలుస్తుంది, అప్పుడు డాక్టరే తగ్గిస్తారు. లూకా వైద్యుడు, ఆయన్ను పౌలు ప్రియమైన వైద్యుడన్నాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థించమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన ఒంట్లోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, పౌలుకు వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నదే. ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటారా?

చచ్చిపోవాలనిపిస్తుంటే, బాప్తిస్మం తీసుకున్నాక ఇలాంటి ఆలోచనలేమిటని సిగ్గుపడి దాచుకోవద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఏలీయా ప్రవక్త కూడా ఒక చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయన్ను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు.

మా మామగారు మంచం మీద ఉన్నారు. బాప్తిస్మం లేకుండా పోతే?

సిలువ మీది దొంగకు బాప్తిస్మం లేదు. నేడే నాతో పరదైసులో ఉంటావన్నాడు యేసు. మీ మామగారి చెయ్యి పట్టుకుని ఆ భాగం చదివి వినిపించండి.

సాక్ష్యం చెప్పమంటున్నారు. నా జీవితంలో అద్భుతమేమీ జరగలేదు. ఏం చెప్పను?

జరిగిందే చెప్పండి. స్టేజీ మీద పెద్ద పెద్ద సాక్ష్యాలు విని, మనది చెల్లదనుకుంటాం. ఇంకా ఘోరం, కొంచెం పెంచి చెబుతాం. పోయినేడు ఒకామె మైకు పట్టుకుని, "నా కొడుకు పోయి మూడేళ్ళయింది. నాకింకా దేవుడి మీద కోపం ఉంది. కానీ ప్రతి ఆదివారం వస్తున్నాను, వందనాలు" అని కూర్చుంది. మందిరమంతా నిశ్శబ్దం. ఆ తర్వాత చెప్పాల్సినవాళ్ళిద్దరు లేచి, మేం వచ్చే వారం చెబుతామన్నారు. కీర్తనల్లో ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

నాకు నీళ్ళంటే భయం. ఈత రాదు. ఎలా?

చిన్నప్పుడు బావిలో పడి బయటపడినవాళ్ళు, కాలువలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు మా తరగతికి వచ్చారు. ముందే చెప్పండి, కాలువకు బదులు మందిరం తొట్టిలో పెట్టుకుందాం, అందులో నీళ్ళు నడుము దాకానే. కాలువలోనే కావాలంటే, నీళ్ళు తక్కువగా వదిలే రోజులు చూసి పెడతాం. అంచున పాచి ఉంటుంది, మెట్లున్న చోటే దిగాలి. పాస్టర్ గారి ఎడమ చెయ్యి మీ వీపు వెనక ఉంటుంది, కుడి చెయ్యి ఛాతీ మీద కట్టుకున్న మీ చేతుల మీద ఉంటుంది. మీరు ముక్కు పట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. మోకాళ్ళు కొద్దిగా వంచి వెనక్కి వాలండి, బిగుసుకోకండి. నీళ్ళ కింద ఉండేది రెండు సెకన్లు. పక్కన ఇంకో సంఘ పెద్ద నిలబడతారు.

ఆడవాళ్ళు ముదురు రంగు పంజాబీ డ్రెస్ వేసుకుని, పైన మేమిచ్చే తెల్ల అంగీ తొడుక్కోండి. చీర తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది. పొడి బట్టలు వేరే సంచిలో తెచ్చుకోండి. బంగారం, ఫోన్ ఇంట్లో వదిలి రండి. పొద్దున ఏమైనా తినే రండి, ఉపవాసం ఉండి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళున్నారు. పైకి రాగానే కళ్ళల్లో నీళ్ళు కారుతూ ఎటు నడవాలో తెలియదు. కుడివైపు తిరగండి, నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటాను.